పక్కన ఎవరు పడుకునేవాళ్ళు?

"ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?" అని అడిగాడు టీబీ సూపర్‌వైజర్ సారు, ఫోన్‌లో ఫారం తెరిచి పెట్టుకుని.

"అయిదుగురు" అంది ఆ పిల్ల. అమ్మ, నాన్న, నాయనమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు. ఒక్కొక్కరి వయసు కూడా చెప్పింది. సారు టైపు చేసుకుంటున్నాడు. వాళ్ళంతా ఒడిశాలో, గంజాం జిల్లాలో ఉంటారు. ఈ పిల్ల ఉండేది ఇక్కడ, నెల్లూరుకి తూర్పున సముద్రం వైపు ఉన్న ఒక రొయ్యల కంపెనీ హాస్టల్లో. ఆ హాస్టల్‌కి వార్డెన్ని నేనే.

నేను ఉండబట్టలేకపోయాను. "సార్, ఈ పిల్ల ఆ ఇంటికి పోయి పదకొండు నెలలైంది. దీని దగ్గు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. విన్నది మేము" అన్నాను.

ఆయన టైపు చేయడం ఆపి నా వైపు చూశాడు. "అయితే మీరే కూర్చోండమ్మా, మీరే చెప్పాలి" అని కుర్చీ జరిపాడు. ఆ కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచి మూడు నెలల పాటు ఏం జరిగిందో రాయాలనిపించింది. నాలాంటి వార్డెన్లు, కూలీల్ని తెచ్చే మేస్త్రీలు, మెస్సులు నడిపేవాళ్ళు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరు చదివినా చాలు.

మా హాస్టల్లో తొమ్మిది రూములు, ఎనభై రెండు మంది ఆడపిల్లలు. ఒడిశా వాళ్ళు సగం, శ్రీకాకుళం వైపు వాళ్ళు సగం. శ్రీకాకుళం వాళ్ళు నన్ను అక్కా అంటారు, ఒడిశా వాళ్ళు మావుసీ అంటారు. పని రొయ్యల తల తీయడం, పొట్టు తీయడం, సైజుల వారీగా ఏరడం. హాలు ఎప్పుడూ చల్లగా ఉంటుంది. టేబుళ్ళ మీద ఐసు, కింద నీళ్ళు, కాళ్ళకి గమ్‌బూట్లు, నెత్తికి టోపీ, మూతికి మాస్కు. సరుకు పాడవకూడదని కిటికీ అన్నదే ఉండదు. ఆ మాస్కు కూడా సరుకులో తుంపర పడకూడదని పెట్టించేదే. హాస్టల్‌కి వచ్చాక మాస్కు తీసేస్తారు. దోమలకి భయపడి రూముల్లో కిటికీలు మూసి, సందుల్లో అట్టముక్కలు పెడతారు. పదిమంది ఒకే రూములో, చాపకి చాప ఆనించి, తెల్లవార్లూ అదే గాలి పీలుస్తారు.

ఇక్కడ దగ్గంటే అందరికీ ఒకటే కారణం, చలి. "ఐసులో పని కదక్కా" అంటారు. నేనూ అదే అనుకున్నాను, అందుకే ఇవాళ్టికీ బాధగా ఉంటుంది. ఆ పిల్ల రెండు నెలలు దగ్గింది. మెడికల్ షాపులో మూడు సీసాల సిరప్ తాగింది, ఊళ్ళో డాక్టరు దగ్గర సూదులు వేయించుకుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. నాకు అనుమానం వచ్చింది దగ్గు వల్ల కాదు, పిన్నీసు వల్ల. దసరాకి కొన్న చుడీదార్‌కి నడుం దగ్గర పిన్నీసు పెట్టమని నా దగ్గరికొచ్చింది. సంక్రాంతి దాటాక మళ్ళీ వచ్చి, ఆ పిన్నీసు తీసి ఇంకా లోపలికి పెట్టమంది. ఈసారి గుడ్డ నాలుగు వేళ్ళ వెడల్పు మడత పడింది. మర్నాడే పీహెచ్‌సీకి తీసుకుపోయాను.

తెమడ పరీక్ష ట్రూనాట్ మిషన్ మీద చేశారు. సాయంత్రానికే టీబీ అని తేలింది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకి ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా ఆ మిషన్‌లోనే తెలుస్తుందట. లొంగుతుంది అన్నారు. షుగరు, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేశారు. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ చేస్తారు. ఆరు నెలల కోర్సు, మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. అన్నీ ఉచితమే. ఇక ఆమె పక్కన ఎవరున్నారు అన్నది తేలాలి. అది డాక్టరు చేతిలో లేదు, నా రిజిస్టర్లో ఉంది. అలా అనుకునే రిజిస్టర్ తెచ్చి సారు ముందు పెట్టాను.

రిజిస్టర్ తప్పు చెప్పింది. అందులో ఆ పిల్ల ఆరో రూము. నిజానికి ఆరో రూములో ఫ్యాను చెడిపోయి, రిపేరు ఆలస్యమైతే, తన ఊరి పిల్ల ఉందని నాలుగో రూములో చాప వేసుకుంది. నాలుగు నెలల్నుంచీ అక్కడే. నేను రోజూ రాత్రి తలలు లెక్కపెడతాను. ఎనభై రెండూ ఉంటే తాళం వేస్తాను. ఎవరి తల ఏ రూములో ఉందో రాయలేదు.

సారు నాకు ఒక లెక్క చెప్పాడు. మందు మొదలుపెట్టిన రోజు నుంచి వెనక్కి మూడు నెలలు చూడాలి. ఆ మూడు నెలల్లో ఆమెతో ఒకే కప్పు కింద ఒక్క రాత్రి పడుకున్నా, పగలు ఎక్కువసేపు ఒకే మూసిన గదిలో గడిపినా, వాళ్ళు ఇంట్లోవాళ్ళ కిందే లెక్క. రక్తసంబంధంతో పనిలేదు. పీల్చిన గాలితోనే పని. ఈ మాట నాకు ఎంత బలంగా తగిలిందంటే, మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

మా పెద్దమ్మకి టీబీ వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. "క్షయ" అని గట్టిగా అనేవాళ్ళు కూడా కాదు, "ఆ జబ్బు" అనేవాళ్ళు. ఆమెకి కంచం వేరు, గ్లాసు వేరు, చెంబు వేరు. ఆ కంచం ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. కానీ వానాకాలం రాత్రుళ్ళు పిల్లలం అందరం ఆమె మంచం పక్కనే తలుపులేసుకుని పడుకునేవాళ్ళం. కంచంతో టీబీ రాదు, దగ్గినప్పుడు గాలిలోకి వచ్చే తుంపరతో వస్తుంది. అన్నీ వేరు చేశారు, గాలి తప్ప. మమ్మల్నెవరూ పరీక్ష చేయలేదు. మా అన్నకి పద్దెనిమిదేళ్ళప్పుడు వచ్చింది. పెద్దమ్మ దగ్గర్నుంచే వచ్చిందో లేదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

సరే, లిస్టు. నాలుగో రూములో ఆమె కాక తొమ్మిది మంది. అదే చాపల మీద పగలు పడుకునే నైట్ డ్యూటీ వాళ్ళు నలుగురు. హాల్లో ఆమె టేబుల్ దగ్గర చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోలో వచ్చే ఆడవాళ్ళు అయిదుగురు. నేను ఒకదాన్ని. అక్కడికి పంతొమ్మిది. ఇంకా ఎవరైనా ఉన్నారా అంటే లేరన్నాను.

అప్పుడు వంటావిడ టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చింది. ఆమె కొంగు పట్టుకుని మూడేళ్ళ మనవరాలు. ఆ పాప టీబీ వచ్చిన పిల్లని చూడగానే చేతులు చాచింది. ఆ పిల్ల ఎత్తుకోలేదు. దుపట్టా మూతికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. అంతకుముందు రోజూ సాయంత్రం డ్యూటీ దిగగానే ఆ పాపని చంకనేసుకుని, మూసిన రూములో టీవీ ముందు రెండు గంటలు కూర్చునేది. వంటావిడ పేరు జీతాల పుస్తకంలో ఉంది. ఆమె మనవరాలి పేరు మా హాస్టల్లో ఏ కాగితం మీదా లేదు. సారు ముఖం మారిపోయింది. "అమ్మా, మొట్టమొదట రాయాల్సింది ఈ పాప పేరు" అన్నాడు. అయిదేళ్ళ లోపు పిల్లలకి జబ్బు త్వరగా ముదురుతుందట, మెదడు దాకా కూడా పోతుందట. ఇరవయ్యో పేరు ఆ పాపది.

ఇక వెళ్ళిపోయినవాళ్ళు. మూడు నెలల్లో నాలుగో రూము ఖాళీ చేసినవాళ్ళు నలుగురు. మా దగ్గర పిల్లలు ఉన్నచోట ఉండరు. మేస్త్రీ పిలిస్తే పోతారు, సీజన్ తగ్గితే పోతారు, పెళ్ళయితే పోతారు. వెళ్ళిన రోజున నేను పేరు మీద ఎర్ర గీత కొట్టి, చాప నంబరు ఇంకొకరికి ఇస్తాను. ఆ ఎర్ర గీతలు వెతుక్కుంటూ కూర్చున్నాం. మొత్తం ఇరవై నాలుగు మంది.

వార్త ఆ సాయంత్రమే పాకిపోయింది. సారు పేరు బయటపెట్టొద్దన్నాడు, నేను పెట్టలేదు. కానీ హాస్టల్లో ఏది దాగుతుంది? ముగ్గురు పిల్లలు బ్యాగులు సర్దుకున్నారు. మెస్సులో ఆమె కంచానికి ఎవరో ఎర్ర దారం కట్టారు. ఆ దారం నేనే తెంపి, కంచం తోమి మిగతా కంచాల్లో కలిపాను. అందరూ చూస్తుండగానే కలిపాను.

మేనేజరు గారు చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. "ఎందుకక్కా రిస్కు, టికెట్ డబ్బులిచ్చి ఇంటికి పంపించేద్దాం" అన్నాడు. నేను చెప్పింది ఒకటే. "సార్, ఈ పిల్లని పంపిస్తే రేపట్నుంచి ఈ హాస్టల్లో ఎవరూ దగ్గరు. నోటికి దిండు అడ్డం పెట్టుకుంటారు. ఇరవై నాలుగు పేర్లలో ఒక్కటి కూడా నిజం చెప్పరు." మా పిల్లలకి కేజీకి ఇంత అని కూలి. పనికి పోకపోతే ఆ రోజు పైసా రాదు. జబ్బు కన్నా ముందు వాళ్ళు భయపడేది దానికే. టీబీ సారు కూడా వచ్చి మాట్లాడాడు. 1950ల చివర్లో మద్రాసులో పరీక్ష చేసి చూశారట, శానటోరియంలో, అంటే టీబీ ఆసుపత్రిలో పెట్టి మందులిచ్చినా, ఇంట్లో ఉంచి మందులిచ్చినా రోగులు ఒకేలా కోలుకున్నారు, ఇంట్లోవాళ్ళకి అదనంగా అంటుకోలేదు. మందు సరిగ్గా పడితే రెండు వారాల్లో అంటించే గుణం చాలామందిలో బాగా తగ్గిపోతుంది. మేనేజరు గారు విన్నాడు. ఆమెకి మేడ మీది స్టోరు రూము ఖాళీ చేయించి ఇచ్చాం, రెండు వైపులా కిటికీలున్న గది అదొక్కటే. సగం కూలి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. పూర్తిగా ఇవ్వాలని అడిగాను, ఒప్పుకోలేదు. ఆ సంగతిలో నాకింకా అసంతృప్తే.

తెమడ తీయించడం గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే చాలాచోట్ల ఇక్కడే పని చెడుతుంది. ఆడపిల్లలు సిగ్గుపడతారు. పదిమంది ముందు కాకరించి ఉమ్మమంటే ఎవరు ఉమ్ముతారు? డబ్బాలో ఉమ్ము మాత్రం వేసి ఇచ్చేస్తారు. ఉమ్ములో క్రిమి చాలాసార్లు దొరకదు. "జబ్బు లేదు" అని వస్తుంది, ఉన్నా లేనట్టే అయిపోతుంది. లిస్టులో దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్ళు చెమటలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెమడ ఇమ్మన్నారు. మామూలు మనిషికైతే రెండు వారాల దగ్గు చూస్తారు, పక్కన పడుకున్నవాళ్ళకి ఒక్క రోజు దగ్గయినా చాలు. అలా ఆరుగురు తేలారు. తెల్లవారుజామున అయిదింటికి, డ్యూటీ బస్సు రాకముందు, ఒక్కొక్కరినీ వాటర్ ట్యాంకు వెనక్కి తీసుకుపోయాను. అక్కడ గాలి బాగా ఆడుతుంది, ఎవరికీ కనపడదు. నోరు పుక్కిలించమన్నాను. గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టి వదలమన్నాను, రెండుసార్లు. మూడోసారి పొట్టలోంచి దగ్గమన్నాను. నేను గాలి వచ్చేవైపు నిలబడి, ముందు నేనే దగ్గి చూపించాను. చిక్కగా, తీగలా సాగితే అది తెమడ. నీళ్ళలా, నురగలా ఉంటే మళ్ళీ. ఒక పిల్లకి నాలుగోసారికి వచ్చింది. మూత బిగించి డబ్బా నా చేతికిచ్చి, ఏదో పరీక్ష పాసైనట్టు నవ్వింది.

ఆరుగురికీ ఏమీ లేదు. అక్కడున్న మిగతావాళ్ళకి చేతిలో పట్టుకుని తీసే ఎక్స్‌రే మిషన్ తెచ్చి, మెస్ హాల్లోనే ఎక్స్‌రేలు తీశారు. ఆటోలో వచ్చే ఆడవాళ్ళలో ఇద్దరు రానన్నారు. "మా ఆయనకి తెలిస్తే పని మాన్పిస్తాడు" అంది ఒకామె. ఆశా కార్యకర్త వాళ్ళ ఇళ్ళకి పోయి, కంపెనీ ఊసెత్తకుండా మాట్లాడి తీసుకొచ్చింది. పాపని నెల్లూరు పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరు చూశాడు. జబ్బు లేదన్నాడు. ఆ రోజు వంటావిడ నా భుజం మీద తలపెట్టి ఏడ్చింది.

జబ్బు లేదని తేలాక మాత్రలు మింగించడం ఇంకా కష్టమైంది. "లేదన్నారుగా, మరి మందెందుకు?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. క్రిమి ఒంట్లో చేరినా చాలామందిలో నిద్రపోతూ ఉంటుంది, వందలో అయిదు నుంచి పది మందిలో ఎప్పుడో నిద్రలేస్తుంది, అందులో సగం మొదటి రెండేళ్ళలోనే అని సారు చెప్పాడు. నిద్రలో ఉండగానే చంపడానికి ఈ మాత్రలు. పాపకి రోజూ ఒకటి, ఆరు నెలలు. రూములో పిల్లలకి వారానికి ఒకసారి చొప్పున పన్నెండు వారాలు. ఆదివారం తలస్నానాలయ్యాక నా టేబుల్ దగ్గరికి వచ్చి, టిఫిన్ తిని, నా ఎదుట మింగేవాళ్ళు. మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పాల్సింది. మొదటి ఆదివారం చెప్పలేదు. సోమవారం పొద్దున్నే బాత్రూముల దగ్గర గోల, రక్తం పోతోందని. మందు రంగే అని ఒప్పించేసరికి డ్యూటీ బస్సు వెళ్ళిపోయింది.

తిండి గురించి కూడా పోట్లాడాను. టీబీ వచ్చినవాళ్ళకి ప్రభుత్వం నెలకి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది. 2024 నవంబరుకి ముందు 500 ఉండేది. పక్కనున్నవాళ్ళకి ఆ డబ్బు రాదు. జార్ఖండ్‌లో రోగి ఇంట్లోవాళ్ళకి కూడా మంచి తిండి ఇచ్చి చూస్తే, వాళ్ళలో టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో పరిశోధన వచ్చిందట. సారు చెప్పిన ఆ మాట పట్టుకుని మేనేజరు గారి దగ్గరికి పోయాను. ఇప్పుడు మెస్సులో వారానికి నాలుగు రోజులు గుడ్డు. ఎనభై రెండు మందికీ.

వెళ్ళిపోయిన నలుగురిలో ముగ్గురు సులువుగానే దొరికారు. ఒకామెకి పెళ్ళయి కోవూరులో ఉంది, ఒకామె ఇంటికి పోయింది, ఒకామె తిరుప్పూరులో. వాళ్ళ వివరాలు అక్కడి టీబీ స్టాఫ్‌కి పంపారు, పరీక్షలు చేశారు, ఏమీ లేదు. నాలుగో పిల్ల శ్రీకాకుళం జిల్లా అమ్మాయి, ఆ గంజాం పిల్ల చాప పక్క చాప ఈమెదే. పాత నంబరు పనిచేయడం లేదు. మేస్త్రీ చెప్పడు. తన పిల్లల్ని మేం మళ్ళీ లాక్కుంటామని ఆయన అనుమానం. వారం రోజులు తిరిగాం. చివరికి గేటు ముందు దోసెలు పోసే ఆవిడ, "ఆ పిల్ల నాకు నూట నలభై బాకీ, మొన్నే ఫోన్‌పేలో పంపింది" అంది. ఆ డబ్బొచ్చిన నంబరు తీసుకుని ఫోన్ చేశాను.

భీమవరం దగ్గర ఇంకో రొయ్యల కంపెనీలో ఉంది. నా గొంతు విని సంతోషపడింది. "ఒంట్లో ఎట్టా ఉందమ్మా, దగ్గేమన్నా ఉందా?" అన్నాను.

"ఉందక్కా, నెలయింది. ఇక్కడ కూడా ఐసులోనే పని కదా" అంది.

నాకు కాసేపు మాట రాలేదు. తర్వాత అన్నీ వివరంగా చెప్పాను. పని పోతుందేమోనని ఏడ్చింది. సారు ఆ జిల్లా వాళ్ళతో మాట్లాడాడు. మూడో రోజు తెమడ ఇచ్చింది, పాజిటివ్. మర్నాటి నుంచే మందులు మొదలుపెట్టారు.

మా దగ్గర రిజిస్టర్లో ఇప్పుడు రెండు గడులు పెంచాను. నిజంగా పడుకునే రూము ఒకటి, వెళ్ళేటప్పుడు పోయే చోటు, ఎత్తే నంబరు ఒకటి. రాత్రి తాళం వేసేముందు రూము రూముకీ తిరిగి పేర్లు పిలుస్తాను. కిటికీల్లో అట్టలు తీయించి దోమల జాలీ కొట్టించాం. గంజాం పిల్లకి రెండు నెలల పరీక్షలో క్రిమి కనపడలేదు, మూడు కేజీలు పెరిగింది, పిన్నీసు తీసేశాం.

మొన్న బుధవారం రాత్రి భీమవరం పిల్ల ఫోన్ చేసింది. "అక్కా, ఇక్కడికి కూడా సారు వచ్చాడు. ఇంట్లో ఎంతమంది అని అడిగాడు. రేపు మళ్ళీ వస్తానన్నాడు, ఏం చెప్పను?"

"నీ పక్కన పడుకునేవాళ్ళు ఎవరెవరో చెప్పు. ముందు నాకు చెప్పు, మర్చిపోకుండా ఉంటుంది" అని పెన్ను తీసుకున్నాను.

ఒక్కొక్క పేరే చెప్తూ పోయింది, నేను రాసుకుంటూ పోయాను. పదకొండో పేరు దగ్గర ఆగింది. తర్వాత, "ఒక పిల్లోడు కూడా ఉన్నాడక్కా, వాచ్‌మన్ కొడుకు. ఎప్పుడూ నా దగ్గరే ఉంటాడు" అంది.